వయోజనులకు చదువు చెప్పువారి చదువు



పొలమునకు నీరు పెట్టువాడు కాలువ మర్మ మెఱిగియుండవలెను. వైద్యము చేయువాడు నాడి చూడ నేర్చియుండవలెను. బడిలో పిల్లలకు పాఠము చెప్పు ఉపాధ్యాయునకు శిక్షణ కావలయునని నేడు ఒప్పుకొననివారు లేరు. కాని పగలెల్ల దుక్కి దున్నియో, వల వేసియో, నాటు వేసియో అలసి, రాత్రివేళ పలక ముందు వచ్చి కూర్చుండు నలుబదియేండ్ల మనుష్యునకు అక్షరములు నేర్పువాని విషయమున మాత్రము మన తలంపు వేఱుగా నుండును. “అక్షరములు వచ్చిన కుఱ్ఱవాడెవ్వడైన నేమి? ఒక దీపము, పది పలకలు, కొంత యుత్సాహము ఉన్న చాలదా?” అందుము. అట్లనుకొని తెఱచిన రాత్రి బడులు మన గ్రామములలో అనేకము. వానిలో పెక్కు మొదటి పంట యింటికి రాకమునుపే మూతపడుట పెద్దలైన మీలో పలువురు ఎఱిగినదే.

వయోజనులకు చదువు చెప్పుట యొక విద్య. అది నేర్చినగాని రాదు. ఈ సంగతిని మన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములవారికి దూరదేశస్థులు వచ్చి చెప్పనక్కఱలేదు. నూఱేండ్లకు పైబడిన చరిత్ర మన కాలువ గట్టుల మీదనే, మన పల్లెలలోనే జరిగియున్నది. ఆ చరిత్రను కొంత మనవి చేయుట ఈ ప్రసంగోద్దేశము.

మొదట మన పూర్వస్థితిని జ్ఞప్తికి తెచ్చుకొందము. 1901 సంవత్సరపు జనాభా లెక్కలలో హిందూదేశమున చదువను వ్రాయను వచ్చినవారు నూటికి అయిదుగురు మాత్రమే. అట్లని తక్కిన తొంబదియైదుగురును జ్ఞానశూన్యులని తలంపరాదు. రచ్చబండ మీద పురాణము విని భారత కథ యావత్తును అప్పగింపగల రైతులు ఉండిరి. హరికథలును, వీథి భాగవతములును విని పద్యములు నోటికి పట్టినవారుండిరి. ఏ కార్తెలో ఏ విత్తు చల్లవలెనో, ఏ గాలికి ఏ వాన వచ్చునో చెప్పగలవారుండిరి. వారికి లేనిది అక్షరము, బుద్ధి కాదు. అక్షరము లేకపోవుటచే కరణము వ్రాసిన లెక్కను, షావుకారు వ్రాయించిన పత్రమును నమ్మి వ్రేలిముద్ర వేయవలసి వచ్చెడిది. కావున వయోజనునకు చదువు చెప్పువాడు ఏమియు తెలియని పసివానికి చెప్పుచున్నానని తలంచినచో మొదటి దినముననే తప్పటడుగు వేసినవాడగును. తనకంటె పెక్కు విషయములలో అనుభవము గలవానికి, ఒక్క విషయమున మాత్రము తోడ్పడుచున్నానని యాతడు గ్రహింపవలెను. ఈ గ్రహింపు దానంతట రాదు. శిక్షణ యొక్క తొలిపాఠ మిదియే.

1913వ సంవత్సరమున బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగినది. ఆంధ్రులకు ప్రత్యేక రాష్ట్రము కావలెనను మాట యక్కడ చర్చకు వచ్చినదని మీకందఱకు తెలియును. మఱుసటి యేడు, 1914 ఏప్రిలు 10వ తేదీన, బెజవాడలో గ్రంథాలయములవారి సభ జరిగినది. చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారు దాని కధ్యక్షులు. అయ్యంకి వేంకటరమణయ్యగారు ఆ సభకు ప్రాణము. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మప్పుడే పుట్టినది. రాష్ట్రమడుగు జాతికి చదువుకొన్న ప్రజలు కావలయును; చదువుకొన్న ప్రజలు కావలయునన్న ఊరూర పుస్తకము కావలయును. ఈ రెండు సభలును ఏడాది లోపల జరుగుట యందు గల పొందిక యిది.

నాటి గ్రంథాలయము నేటివలె నాలుగు బీరువాలు గల గది కాదు. చదువు రానివారికి పత్రికను చదివి వినిపించుట, రాత్రి బడిని నడపుట, భజన, హరికథ, ఉపన్యాసము ఏర్పాటు చేయుట, అన్నియు దాని పనులే. మన సమీపముననే వేటపాలెములో 1918లో వెలసిన సారస్వత నికేతనము నేటికిని నిలిచియున్నది. దాని నూతన భవనమునకు 1929లో గాంధీ మహాత్ముడే శంకుస్థాపన చేసెను. ఇట్టి నిలయములు పల్లె పల్లెకు లేచుచుండగా అయ్యంకివారికి ఒక చిక్కు కనబడినది. గ్రంథాలయము తెఱచుట కొక దినము చాలును. దానిని పదేండ్లు నడపుటకు తగిన మనుష్యుడేడి? పుస్తకముల పట్టిక వ్రాయుట, ఏ పుస్తక మెవనికి తగునో తెలిసి యిచ్చుట, చదువు రానివానిని చేరబిలుచుట, చందాలకు లెక్క చెప్పుట, ఇవి యెవరు నేర్పుదురు? ఈ ప్రశ్నకు సమాధానముగా 1920లో బెజవాడలో గ్రంథాలయ సేవకులకు శిక్షణ తరగతి నడపబడినది. విశ్వవిద్యాలయములో గాక, జీతగాండ్రకు గాక, పల్లె సేవకుల కొఱకు ప్రజల సంఘమే నడిపిన తరగతి యది. వయోజన విద్యా సేవకుల శిక్షణకు ఆంధ్రదేశమున అది యొక తొలి మెట్టు.

ఆ దినములలోనే స్వచ్ఛంద సేవకు క్రమశిక్షణ యెంత యవసరమో మన పొరుగున నిరూపింపబడినది. 1921లో చీరాల-పేరాల ప్రజలు పురపాలక పన్నులకు లొంగక ఊరు విడిచి రామనగరమున గుడిసెలు వేసికొనినపుడు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు వారికి కావలి యుండెను. వేలకొలది జనము ఎండలోను వానలోను నెలల తరబడి ఊరి వెలుపల నుండియు కట్టుదప్పక యుండుటకు ఆ సేవకుల కవాతును, నియమములును తోడ్పడినవి. అది చదువుల పని కాదు. అయినను సేవకుడనగా తోచినపుడు వచ్చి తోచినపుడు పోవువాడు కాడని మన ప్రాంతపు యువకులు నేర్చుకొనినది ఆ దండులోనే.

ఇక పెదపాలెము మాట. తెనాలి తాలూకాలోని ఆ గ్రామమున 1907లో జన్మించిన పాతూరి నాగభూషణముగారు తమ యూరిలో సేవాశ్రమమును నెలకొల్పి, గ్రంథాలయమును దాని హృదయముగా జేసిరి. ఊరివారు గ్రంథాలయమునకు రాలేనిచో గ్రంథాలయమే వారి యొద్దకు పోవలెనని తలంచి, 1935లో కాలువ మీద నౌకా గ్రంథాలయమును నడిపిరి. కృష్ణ ఆనకట్ట కట్టిన పిమ్మట మన కాలువలు నీటికే గాక రాకపోకలకును దారులైనవి. ధాన్యపు బస్తాలు, ఉప్పు, కట్టె, పెండ్లివారు, అందఱును పడవల మీదనే పోయెడివారు. ఆ దారి వెంటనే పుస్తకములును పోయినవి. రేవున పడవ యాగినపుడు పుస్తకము నిచ్చువాడు కేవలము పెట్టె తెఱచి కూర్చుండినచో ఎవ్వరును దగ్గఱకు రారు. చదువు వచ్చినవాని చేత చదివించి, రానివానికి వినిపించి, విన్నవానికి నేర్చుకొను కోరిక పుట్టింపవలెను. పడవకు సరంగు వలె పుస్తకమునకును తెలిసిన మనుష్యుడు కావలయును. నాగభూషణముగారు ఈ సత్యమును జీవితాంతము విడువలేదు. తరువాతి కాలమున విజయవాడ పటమటలో సర్వోత్తమ భవనమును కట్టించి, అందు గ్రంథాలయ సేవకులకు శిక్షణ పాఠశాలను నెలకొల్పిరి.

ఆ భవనమునకు పేరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వయోజన విద్యకు తమ జీవితమున చాల భాగ మర్పించినవారు. 1883లో కర్నూలులో జన్మించిన వీరు 1908లో “స్వరాజ్య” పత్రికలో వ్రాసిన వ్రాత కొఱకు చెఱసాల పాలైరి. అట్టివారు చెఱనుండి వచ్చిన పిమ్మట రాజకీయ వేదికతో తృప్తిపడక, గ్రంథాలయముల కొఱకును, పెద్దల చదువు కొఱకును ఊరూర తిరిగిరి. ఓటు హక్కు వచ్చినంతమాత్రమున పౌరుడు తయారు కాడనియు, చదువగలిగి ఆలోచింపగలిగిన వాడే తయారగుననియు వారి నమ్మకము.

మన పిట్టలవానిపాలెపు ప్రాంతమునకు మఱియు దగ్గఱగా వత్తము. నిడుబ్రోలు మనకు పొరుగూరే. అచ్చట పుట్టిన ఆచార్య ఎన్. జి. రంగాగారు ఆక్సుఫర్డులో చదివి వచ్చి, 1930 దశకమున స్వగ్రామముననే రైతాంగ విద్యాలయమును పెట్టిరి. దాని యుద్దేశము రైతు బిడ్డలను గుమాస్తాలుగా చేయుట కాదు. వారికి శిస్తు, ఋణము, ధరలు, సహకార సంఘము, శాసనసభ మొదలగువాని సంగతులు తెలిపి, తిరిగి తమ పల్లెలకు పంపి, అక్కడి రైతులకు తెలుపునట్లు చేయుట. ఇచ్చట శిక్షణ పొందినవాడు తాను నేర్చుటతో పని ముగియదు; నేర్పుట కొఱకే నేర్చుచున్నాడు. నాయకుల శిక్షణ యనగా నిదియే.

ఈ మార్గముననే 1937 వేసవిలో నాటి గుంటూరు జిల్లాలోని ఒంగోలు తాలూకా సముద్రతీరమున, కొత్తపట్నములో, కాంగ్రెసు సోషలిస్టులు అర్థశాస్త్ర రాజకీయ పాఠశాలను నడుప బూనిరి. నాటి తాత్కాలిక మంత్రివర్గ మా పాఠశాలను నిషేధించినది. పోలీసులు విద్యార్థులను లాఠీలతో చెదరగొట్టిరి. ఆ యేడే కాంగ్రెసు మంత్రివర్గ మేర్పడిన పిమ్మట, 1938లో, అదే తీరున రెండవ పాఠశాల నడిచినది. ఎక్కడ? నేడు పిట్టలవానిపాలెము మండలములోనిదైన మంతెనవారిపాలెములో.

ఈ పాఠశాలలను నడిపినవారి రాజకీయాభిప్రాయములు మీలో కొందఱకు నచ్చవచ్చును, కొందఱకు నచ్చకపోవచ్చును. ఆ వివాదమిచ్చట మనకు పనిలేదు. మనము గమనింపవలసినది వారి పద్ధతి. పల్లెలో పనిచేయబోవు కార్యకర్తకు ఉపన్యాసమొకటి వినిపించి పంపుట చాలదని వారు తలంచిరి. వేసవిలో పొలముల పని లేనపుడు, ఒక పల్లెలో అందఱును కలిసి నివసించుచు, కలిసి భుజించుచు, చరిత్రము, అర్థశాస్త్రము, దేశ పరిస్థితులు పాఠములుగా చదువవలెనని యేర్పాటు చేసిరి. అట్టి పాఠశాలకు రాజధానీ నగరమును గాక సముద్రము దాపునున్న పల్లెను ఎంచుకొనుట సామాన్య విషయము కాదు. అతిథులకు గ్రామస్థులు చోటీయవలెను, వండి పెట్టవలెను, పోలీసుల కంటబడుటకు వెఱవకుండవలెను. కొత్తపట్నములో జరిగినది తెలిసియే మఱుసటి యేడు మంతెనవారిపాలెము ఆ పాఠశాలకు చోటిచ్చినది. ఇది మన ప్రాంతపు చరిత్రలో మనము గుర్తుంచుకొనదగిన సంగతి.

స్త్రీల విషయ మింతకంటె కఠినము. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరుగనున్న తఱిని, ఇంకను బాలికయైన దుర్గాబాయిగారు తాము హిందీ నేర్చి, ఊరి స్త్రీలకు నేర్పి, వారిని సేవికలుగా సిద్ధపఱచిరి. ఆమెయే 1937లో మద్రాసున ఆంధ్ర మహిళా సభను స్థాపించిరి. చిన్ననాట చదువు మానిన స్త్రీలకు, వితంతువులకు తక్కువ కాలములో పాఠములు చెప్పించి కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు పంపుట 1940 దశకపు తొలినాళ్లనుండి ఆ సభ పనులలో నొకటి. అట్లు చదివినవారు ఉపాధ్యాయినులై, దాదులై, గ్రామ సేవికలై మఱి కొందఱు స్త్రీలకు దారి చూపిరి. ఆడువారికి చదువు చెప్పుటకు ఆడువారిని ముందుగా తయారు చేయవలెనను నీతి ఇందు గలదు. మగవాడు నడపు రాత్రి బడికి ఎంతమంది యిల్లాండ్రు రాగలరో మీరే యోచింపుడు.

ఇంతవఱకు శిక్షణ కావలెనని చెప్పితిని. శిక్షణలో నేర్పునది యేమి యను ప్రశ్న రావచ్చును. పూర్వము వీథి బడిలో అకారాదిగా ఏబది యాఱక్షరములు, పిదప గుణింతములు, పిదప వత్తులు, అటుపై పదములు చెప్పెడివారు. పసివానికి నాలుగేండ్లు వ్యవధి యుండును గనుక ఆ పద్ధతి సాగినది. కూలికి పోయి వచ్చినవానికి ఏబది యాఱక్షరములను వరుసగా దిద్దించినచో, వానికి పనికివచ్చు మాట యొక్కటియు చదువకమునుపే విసుగు పుట్టును. కావున ముందుగా వాని నోట నిత్యము మెదలు మాటను పలకపై వ్రాయుదురు. “పడవ” అను మాటను చూపి, మూడక్షరములు విడదీసి, “వల” అను మాటను చేర్చి, ఆ నాలుగక్షరములతోనే “వడ”, “పడవల” మొదలగు మాటలు కూర్పింతురు. మొదటి రాత్రియే తాను చదివితినన్న తృప్తితో మనుష్యుడు ఇంటికి పోవును. రెండవ రాత్రి తిరిగి వచ్చును. ఫిలిప్పైను దీవులలో 1930 ప్రాంతమున ఫ్రాంకు లాబకు అను అమెరికా దేశీయుడు ఇట్టి పద్ధతిని సాధించి, నేర్చిన ప్రతివాడును మఱియొకనికి నేర్పవలెనను నియమమును పెట్టెను. 1935 మొదలు ఆయన అనేక పర్యాయములు హిందూదేశమునకు వచ్చి, వివిధ భాషలలో పాఠముల పటములు తయారగుటకు తోడ్పడెను.

పద్ధతి యొక్కటియే చాలదు. కన్ను మసకబాఱిన వృద్ధునకు పెద్ద యక్షరము కావలయును. బండపని చేసిన వ్రేళ్లకు బలపము పట్టుట కష్టము. వానికి ముందు గీతలు గీయుట యలవాటు చేయవలెను. పదిమందిలో తప్పు చదివినపుడు నవ్వరాదు, ఇతరులను నవ్వనీయరాదు. ఒక్కసారి నవ్వులపాలైన పెద్దమనిషి మఱి బడి గడప త్రొక్కడు. నాట్ల దినములలోను, కోతల దినములలోను తరగతిని తగ్గించి, మినుము విత్తి తీరిక చిక్కినపుడు పెంచవలెను. రానివాని నింటికి పోయి మందలింపక, కారణ మడుగవలెను. నూఱు పుటల లెక్కల పుస్తకము కంటె కూలి లెక్క, వడ్డీ లెక్క, సహకార సంఘపు రసీదు చదువుట ముందు నేర్పవలెను. ఇవి యన్నియు చిన్న సంగతులుగా కనబడును. కాని బడి నిలుచుటయు కూలుటయు వీనిమీదనే యున్నది. ఎంత చదువుకొన్న యువకునకును ఇవి చెప్పనిదే తెలియవు.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1951 జనాభా లెక్కలలో దేశమున అక్షరాస్యులు నూటికి 18 మంది. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము మొదలైనది. గ్రామసేవకుడను నూతనోద్యోగి పల్లెలలో కనబడెను. అట్టివారికి విస్తరణ విద్య నేర్పుటకు నెలకొనిన శిక్షణా కేంద్రములలో మన బాపట్లలోనిది యొకటి. విత్తనము, ఎరువు, పాడి, పారిశుద్ధ్యము, వయోజన విద్య, అన్నియు నాతడు నేర్వవలసినవే. పిదప 1978 అక్టోబరు 2వ తేదీన జాతీయ వయోజన విద్యా కార్యక్రమము ప్రారంభమైనది. 15 మొదలు 35 ఏండ్ల వయస్సు గల పదికోట్ల మందికి అయిదేండ్లలో చదువు చెప్పవలెనని సంకల్పము. ఒక్కొక్క కేంద్రమునకు ముప్పదిమంది విద్యార్థులు. చెప్పువానికి నెలకు ఏబది రూపాయల పారితోషికము. శిక్షణకును, వాచకములు తయారు చేయుటకును రాష్ట్ర వనరుల కేంద్రములు పెట్టిరి. మన రాష్ట్రమున ఆ భారమును హైదరాబాదులోని ఆంధ్ర మహిళా సభ వహించినది. 1988 మే నెలలో జాతీయ సాక్షరతా సమితి యేర్పడిన పిమ్మట పద్ధతి మాఱినది. జిల్లా జిల్లా ఒక్కమాఱుగా కదలవలెను. పదిమందికొక స్వచ్ఛంద సేవకుడు. వానికి జీతము లేదు. మూడు వాచకములు, ఇంచుమించు రెండువందల గంటల చదువు.

ఇన్ని లక్షలమంది సేవకులకు శిక్షణ యెట్లిచ్చుట? దీనికొక మెట్ల వరుస నేర్పఱచిరి. రాష్ట్రమున కొందఱు నిపుణులు జిల్లాలోని ముఖ్య శిక్షకులకు, వారు మండలములలోని శిక్షకులకు, వారు గ్రామ సేవకులకు నేర్పుదురు. ఈ యేర్పాటు మన కాలువల వంటిదే. సీతానగరము వద్ద వదలిన నీరు పెద్ద కాలువ, పిల్ల కాలువ, పంట బోదె దాటి పొలమునకు వచ్చును. ఎగువనున్నవారికి నిండుగా నందును. చివరి భూములవారమైన మన మాట మీరెఱుగుదురు. బోదెలు పూడినచో మడి యెండును. కాలువలో నీరున్నదని వ్రాసిన కాగితము వానికి దాహము తీర్చదు. శిక్షణయు నట్లే. పైన పదిదినములు నేర్చినది మధ్యలో మూడు దినములై, క్రింద నొక పూట యుపన్యాసమైనచో, చిట్టచివర దీపము ముందు కూర్చుండు సేవకునకు చేరునది వాచకపు కట్ట మాత్రమే. అనేక చోట్ల నీ యుద్యమము నీరసించుటకు గల కారణములలో నిది ముఖ్యము.

శిక్షణ చివరి వఱకు చేరిన చోట నేమి జరిగినదో నెల్లూరు జిల్లా చూపినది. 1991లో అచ్చట “అక్షర దీపము” వెలిగింపబడెను. పాటలతో, నాటికలతో కళా జాతాలు ఊరూర తిరిగినవి. వాచకములలో ఆ ప్రజల బ్రతుకే పాఠమైనది. సారాయిచే కుటుంబములు పాడగుట, స్త్రీలు కలిసికట్టుగా నిలిచి దుకాణము మూయించుట పాఠములలో వచ్చినవి. చెప్పువారు ఆ పాఠమును చదివించి యూరకుండక, “మీ యూర నేమి జరుగుచున్నది?” అని ప్రశ్నించిరి. 1992లో దూబగుంట స్త్రీలు తమ యూరి సారాయి దుకాణమును మూయించిరి. ఆ కదలిక జిల్లాయంతటను, పిదప రాష్ట్రమంతటను వ్యాపించినది. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమున సారాయి నిషేధింపబడెను. చదువుట యనగా అక్షరమును పలుకుట మాత్రమే కాదనియు, పాఠము పిదప నడుగు ప్రశ్నయే అసలు పాఠమనియు దీనివలన తెలిసినది. ఆ ప్రశ్న నడుగు నేర్పు పుస్తకములో అచ్చుపడదు. అది శిక్షణ వలన వచ్చును.

1991లో మన రాష్ట్రమున నూటికి 44 మందిగా నున్న అక్షరాస్యులు 2011లో 67 మందియైరి. ఈ వృద్ధిలో పిల్లల బడుల భాగమే పెద్దదనుట నిజము. పురుషులలో నూటికి 75 మంది, స్త్రీలలో 59 మంది. అనగా స్త్రీలలో నూటికి నలుబదిమందికి పైగా నప్పటికిని అక్షరము రానివారే. 2009లో ప్రారంభమైన సాక్షర భారత్ పథకము 2018లో ముగిసినది. 2022లో మొదలైన నవభారత సాక్షరతా కార్యక్రమము తిరిగి జీతము లేని స్వచ్ఛంద సేవకుల మీదనే యాధారపడినది. నేడు చదువు చెప్పుటకు చేతి ఫోనులలో పాఠములును, బొమ్మలును వచ్చినవి. మంచిదే. కాని నౌకలో పుస్తకములున్నంతమాత్రమున చదువు రాలేదు. చేతిలో ఫోనున్నంతమాత్రమునను రాదు. ప్రక్కన కూర్చుండి వ్రేలు పట్టి చూపువాడు నాడెట్లు కావలసియుండెనో, నేడును అట్లే కావలసియున్నది.

ఇందు గ్రామ పెద్దలు చేయదగిన పనులు మూడు గలవు. మొదటిది, సేవకుని ఎంచుకొనుట. పట్టణమున నుద్యోగము దొరికినంతనే వెళ్లిపోవు పట్టభద్రునికంటె, ఊరనుండు పదవ తరగతి చదివిన కోడలు మేలు కావచ్చును. ఓర్పు, నవ్వుమొగము, ఊరివారి మన్నన, ఈ మూడును పరీక్షలలో వచ్చిన మార్కులకంటె ముందు చూడదగినవి. రెండవది, శిక్షణకు పూర్తి కాలము పట్టు పట్టుట. మండలమునుండి వచ్చువారు “ఒక పూటలో చెప్పి పోవుదుము” అన్నచో, “అయ్యా, మా సేవకులకు పూర్తి దినములు కావలయును, చోటు, భోజనము మేమిత్తుము” అని మీరనవలెను. నాడు మంతెనవారిపాలెము వెఱపు లేక ఆ పని చేసినది. నేడు వెఱపునకు కారణమే లేదు. మూడవది, తరగతి మొదలైన పిదప నెలకొకమాఱు సేవకులను రచ్చబండ యొద్దకో, గ్రంథాలయమునకో పిలిచి, “ఎవరు రావడము మానిరి? ఎందుకు? ఏ పాఠము కష్టముగా నున్నది?” అని యడుగుట. శిక్షణ మొదటి వారముతో ముగియునది కాదు. చెప్పుచు నేర్చుకొనుటయు శిక్షణయే. తప్పు చేసినవానిని తిట్టక, అట్టి చిక్కును దాటిన పొరుగూరి సేవకుని పిలిపించి వినిపింపుడు.

మీలో చదువుకొన్న వృద్ధులు పలువురు గలరు. మీకు తీరిక గలదు. ఊరివారికి మీ మాటయందు గౌరవము గలదు. వయోజనునకు వయోజనుడే తగిన గురువు. అయినను మీరును శిక్షణ తరగతిలో కుఱ్ఱవారి ప్రక్కన కూర్చుండుటకు సంకోచింపవలదు. మీ వయస్సువాడు నేర్చుకొనుటకు వచ్చినపుడు పడు సంకోచ మెట్టిదో మీ కప్పుడు తెలియును. అది తెలిసినవాడు తన రాత్రి బడిలో ఎవ్వరిని నవ్వులపాలు కానీయడు.

రాబోవు వేసవిలో పొలము పనులు తీఱినపుడు, మీ యూర నట్టి తరగతి యొకటి నడుపుటకు చోటును, పదిదినముల భోజనమును సమకూర్చుడని నా మనవి. పలకలును దీపములును పిమ్మట చూచుకొనవచ్చును. సెలవు.